షాక్ పోయిందా అని కాదు, ఎలా పోగొట్టాడో అడగండి

పాత ఇల్లు కొన్నాం, గీజరు వేసి కుళాయి పట్టుకుంటే చెయ్యి జిమ్మంటోంది అని రాశారు. వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి "ఇంట్లో ఎర్త్ లేదు సార్, సాకెట్లో చిన్న లూప్ కొడితే పోతుంది" అన్నాడట. (ఎర్త్ అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపేసే వైరు.) చేయించుకోవచ్చా, మంచి మనిషిని ఎలా పట్టుకోవాలి అని మీ ప్రశ్న.

లూప్ వద్దండి. ముందు లేచి వెళ్లి గీజరు ఎంసీబీ (బోర్డులో తనంతట తానే పడిపోయే రక్షణ స్విచ్చు) దించేయండి, తర్వాత మిగతాది చదవండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ లూప్ వల్లే మా అమ్మ చావు దాకా వెళ్లొచ్చింది.

ఖమ్మంలో మాది 1993లో కట్టిన ఇల్లు. వాషింగ్ మెషిన్ మీద తడిచెయ్యి పెడితే మీకులాగే జిమ్మనేది. తెలిసినతన్ని పిలిచాం. పది నిమిషాల్లో పని అయిపోయింది, షాక్ కూడా పోయింది, డబ్బులిచ్చి పంపేశాం. అతను చేసిందల్లా సాకెట్ వెనక న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే దారి) పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకి బెత్తెడు వైరు ముక్క కలపడం. అంటే మెషిన్ రేకు బాడీ మొత్తం ఇంటి న్యూట్రల్‌కి తగులుకుని ఉంది.

మూడు నెలల తర్వాత ఒక వానరోజు సాయంత్రం మీటరు దగ్గర న్యూట్రల్ జాయింటు ఊడింది. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకుని అమ్మ మెషిన్‌లో బట్టలు తీయడానికి వెళ్లింది. నిజానికి ఫేజు వైర్లో కరెంటు రానే వస్తోంది. ఆన్‌లో ఉన్న ఫ్రిజ్జు, ఫ్యాన్ల గుండా న్యూట్రల్ వైర్లోకి దిగి, ఆ బెత్తెడు ముక్క గుండా మెషిన్ బాడీకి చేరింది. తిరిగి పోయే దారి లేక అక్కడ కాచుకుని ఉంది. అమ్మ చెయ్యి వేయగానే విసిరికొట్టింది. కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికింది. చెయ్యి వారం రోజులు పైకి లేవలేదు. ఎంసీబీ ఒక్కటి కూడా పడలేదు. పడదు కూడా, లోడు ఎక్కువైనా షార్టయినా పడటమే దాని పని, మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దాని లెక్కలోకి రాదు.

1912కి ఫోన్ చేస్తే డిపార్టుమెంటు వాళ్లు వచ్చి జాయింటు వేసి వెళ్లారు. ఇంటి లోపలి వైరింగ్ మాత్రం మన బాధ్యతే. అప్పుడు బావమరిది ద్వారా ఇంకొకాయన్ని పిలిపించాం. యాభై దాటిన మనిషి, వైర్‌మన్ పర్మిట్ ఉంది. ఆయన పని చేసిన తీరు చూశాకే అసలు ఎలక్ట్రీషియన్ అంటే ఏంటో నాకు తెలిసింది.

వస్తూనే స్క్రూడ్రైవర్ తీయలేదు. ఇంట్లో ఏమేం నడుస్తాయి, గీజరు ఎన్ని వాట్లు, ఏసీ పెట్టే ఆలోచన ఉందా, ఎర్త్ గొయ్యి ఎక్కడ అని అడిగాడు. గొయ్యి ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. తర్వాత హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన వంద వాట్ల బల్బు తీసి ప్రతి సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూశాడు. మీటరుతో కూడా చూడొచ్చు గానీ, ఎర్త్ బలహీనంగా ఉన్నా మీటరు 230 చూపించేస్తుంది, బల్బు అలా మోసం చేయదు అన్నాడు. పడగ్గదిలో బల్బు వెలగలేదు. హాల్లో వెలగలేదు. వాషింగ్ మెషిన్ దగ్గర మాత్రం ధగధగా వెలిగింది.

నేను సంబరపడ్డాను. ఆయన ముఖం మాడింది. "ఇల్లంతా లేని ఎర్త్ ఈ ఒక్కచోటికి ఎట్లా వచ్చింది బాబూ?" అని మెయిన్ దించి, టెస్టర్‌తో మళ్లీ చూసుకుని, సాకెట్ విప్పి ఆ ముక్క నా చేతిలో పెట్టాడు.

పెరట్లో కొత్తగా గొయ్యి తీసి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, ప్రతి సాకెట్‌కీ ఆకుపచ్చ వైరు లాగాడు. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టాడు, అంటే కరెంటు కాస్త లీకైనా పడిపోయే స్విచ్చు. మొదటి రోజే అది టపటపా పడటం మొదలైంది. చాలామంది ఇక్కడే "ఈ ముక్క బాగాలేదు, తీసేద్దాం" అంటారు. ఆయన తీయలేదు. సర్క్యూట్లు ఒక్కొక్కటే కట్టేసి వెతికితే రెండు గంటలకి దొంగ దొరికింది, స్నానాలగదిలో గీజరు ఎలిమెంటు. తుప్పు పట్టి లీకవుతోంది. మీ ఇంట్లో కూడా అదే అయ్యుండొచ్చు. అందుకే ఎర్త్ పని ఒక్కటే కాదు, గీజరు కూడా విప్పించి చూపించండి.

ఇక మనిషిని వెతకడం. తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ ప్రభుత్వ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు వైర్‌మన్, సూపర్‌వైజర్ పర్మిట్లు, కాంట్రాక్టర్ లైసెన్సులు ఇస్తుంది. పర్మిట్ చూపించమని మొహమాటం లేకుండా అడగండి, గడువు తేదీ చూడండి. ఐటీఐ సర్టిఫికెట్ మంచిదే గానీ అది చదువుకి సంబంధించింది, పర్మిట్ వేరు. తెలిసిన లైన్‌మన్ ఉన్నాడు కదా అనుకోకండి, స్తంభం మీద పని వేరు, ఇంట్లో గోడ లోపలి పని వేరు. పర్మిట్ లేనివాళ్లలో కూడా పనిమంతులున్నారని నాకు తెలుసు. అయినా వైరింగ్, ఎర్తింగ్ లాంటి పని వాళ్ల చేతిలో పెట్టను. ఫ్యాన్ కెపాసిటర్ మార్చడానికైతే పిలుస్తాను.

వచ్చినాయన్ని ఒక ప్రశ్న అడిగి చూడండి: "ఎంసీబీ మాటిమాటికీ పడుతోంది, ఏం చేస్తారు?" వెంటనే 16 ఆంపులది తీసి 32 ఆంపులది వేస్తానంటే టీ ఇచ్చి పంపించేయండి. అక్కడ పెద్ద ఎంసీబీ వేస్తే గోడలో వైరు కాగిపోతున్నా అది పడదు. లోడెంత, వైరెంత అని తిరిగి అడిగినవాడైతే ఉంచుకోండి. రెండు వేల వాట్ల గీజరు దాదాపు 9 ఆంపులు లాగుతుంది, దానికి పాత లైటు వైరు పనికిరాదు, కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేరుగా లాగించండి. ఐఎస్ఐ గుర్తున్న వైరు చుట్ట మీరే కొని తెచ్చివ్వండి.

డబ్బులిచ్చే ముందు ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఆయన ముందే నొక్కండి, టక్కున పడాలి. బల్బు పెట్టి ప్రతి సాకెట్ చూపించమనండి, కానీ అది ఆర్‌సీసీబీ బిగించక ముందే చూపించాలి, తర్వాతైతే పెట్టగానే పడిపోతుంది. రెండు మూడు సాకెట్లు విప్పించి లోపల లూప్ లేదని మీ కళ్లతో చూసుకోండి. గొయ్యి ఎక్కడ తీశారో గుర్తు పెట్టించుకుని ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. మా ఇంట్లో ఆ పని అమ్మ చూసుకుంటుంది.