తొమ్మిదో తరగతిలో ఉండగానే యువికకు దరఖాస్తు పెట్టించండి

అన్నా, దేవరకొండ దగ్గర జడ్పీ స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే మీ మేనకోడలికి సైన్సంటే పిచ్చి, కోచింగ్‌కు డబ్బుల్లేవు అన్నారు కదా, ముందు ఇస్రో యువిక, అంటే బడి పిల్లల కోసం ఇస్రో నడిపే యువ విజ్ఞాని కార్యక్రమం, చూడండి. వేసవిలో దాదాపు రెండు వారాలు ఇస్రో కేంద్రంలోనే ఉంచి నేర్పిస్తారు, ప్రయాణం, బస, తిండి అన్నీ వాళ్లవే. ఎంపికలో సగం వెయిటేజీ ఎనిమిదో తరగతి మార్కులకే, పంచాయతీ పరిధిలోని స్కూలు పిల్లలకు అదనంగా 15 శాతం ఉంటుంది, అది మీవాళ్లకు పెద్ద ప్లస్. ఆన్‌లైన్ క్విజ్ మాత్రం వదలొద్దు. పదోతరగతిలోకి వెళ్తే ఛాన్స్ పోయినట్టే, అందుకే హెడ్మాస్టర్‌ని ఇప్పుడే కలవండి. పిల్లను అంత దూరం పంపుతారా అని బంధువులు భయపెడతారు, పట్టించుకోకండి. పది అయ్యాక బాసర ట్రిపుల్ ఐటీకి కూడా పెట్టించండి, ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే, ఎంట్రెన్స్ టెన్షన్ లేదు.