10 ఆటలు గెలిచిన జట్టుపై సొంత అభిమానులకు కోపమెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. అక్కడి ఫుట్‌బాల్ జట్టు 2023లో 10 ఆటలు గెలిచిందట. అయినా ఆ ఏడాది మాట వస్తే చాలు, తన స్నేహితులు ‘ప్లే కాలింగ్’ అంటూ తిట్టిపోస్తారని చెబుతోంది. గెలిచిన జట్టును సొంతవాళ్లే తిట్టడం నాకు అర్థం కాలేదు. అసలు ప్లే కాలింగ్ అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడితేనే మిగతాది అర్థమవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. వాటిని డౌన్‌లు అంటారు. వాటిలో 10 గజాలు ముందుకు సాగితే మరో నాలుగు దక్కుతాయి. సాగలేమని తోస్తే నాలుగో డౌన్‌లో బంతిని వీలైనంత దూరం తన్ని ప్రత్యర్థికి అప్పగిస్తారు, అది పంట్. ప్రతి డౌన్‌కూ ముందు బంతి ఎవరు పట్టుకుని పరుగెత్తాలి, ఎవరికి విసరాలి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలి అనే ఎత్తుగడను ఒకరు ఎంచుకోవాలి. క్రికెట్‌లో ఇటువంటి నిర్ణయాలు చాలావరకు మైదానంలో ఉన్న కెప్టెన్‌వి. ఇక్కడ మాత్రం ఆ పని సాధారణంగా అఫెన్సివ్ కోఆర్డినేటర్ అనే సహాయ కోచ్‌ది. దానినే ప్లే కాలింగ్ అంటారు.

అయోవాలో 2017 నుంచి 2023 వరకు ఆ బాధ్యత బ్రయన్ ఫెరెంట్స్‌ది. 1999 నుంచి ఆ జట్టుకు ముఖ్య కోచ్‌గా ఉన్న కర్క్ ఫెరెంట్స్‌కు ఆయన స్వయానా కుమారుడు.

ఇక ఆ 10 గెలుపులు ఎలా వచ్చాయో చూడండి. 2023లో అయోవా అఫెన్స్, అంటే బంతితో దాడి చేసే బృందం, ఆటకు సగటున 234.6 గజాలు సాధించి, దేశంలో అత్యున్నత శ్రేణికి చెందిన 133 జట్లలో అట్టడుగున నిలిచింది. 14 ఆటల్లో కలిపి సుమారు 3,300 గజాలు. అదే ఏడాది ఆ జట్టు పంటర్ టోరీ టేలర్ 93 సార్లు బంతిని తన్ని 4,479 గజాలు పంపి, 1938 నుంచి నిలిచి ఉన్న జాతీయ రికార్డును బద్దలుకొట్టాడు. అంటే బంతిని ముందుకు మోసిన దూరం కన్నా ప్రత్యర్థికి వదిలేస్తూ తన్నిన దూరమే ఎక్కువ. గెలిపించింది ఆ పంట్‌లూ, ప్రత్యర్థిని అడ్డుకుంటూ ఆటకు 15 పాయింట్ల లోపే ఇచ్చిన డిఫెన్సూ. ఆ డిఫెన్స్‌ను తీర్చిదిద్దిన ఫిల్ పార్కర్‌కు ఆ ఏడాది దేశంలోకెల్లా ఉత్తమ సహాయ కోచ్‌గా బ్రాయిల్స్ అవార్డు దక్కింది. బ్యాటర్లు 120 పరుగులకే కుప్పకూలినా బౌలర్లు మ్యాచ్ తరువాత మ్యాచ్ గెలిపించుకొస్తుంటే చూసేవారికి ఎలా ఉంటుందో ఊహించండి. మొదట గర్వపడతాం, కొన్నాళ్లకు, ఇంత గొప్ప బౌలింగ్ ఉన్నప్పుడే కప్పు గెలవకపోతే ఇంకెప్పుడు గెలుస్తామన్న బాధ పట్టుకుంటుంది. మీ అమ్మాయి స్నేహితుల కోపం ఆ బాధలోంచి వచ్చినదే. అది న్యాయమైనదని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: ఆటకు సగటున 25 పాయింట్లు సాధించాలని ఆ కోఆర్డినేటర్ ఒప్పందంలో షరతు రాశారని విన్నాను. ఏ ఉద్యోగంలోనైనా లక్ష్యాలు ఉండేవే కదా, ఇందులో తప్పేముంది?
– ఒక పాఠకుడు, డెమాయిన్, అయోవా

జవాబు: లక్ష్యం పెట్టడం తప్పు కాదు. తీసుకోవలసిన నిర్ణయానికి బదులుగా ఒక అంకెను నిలబెట్టడం తప్పు.

2022లో కూడా ఆ అఫెన్స్ దేశంలో చివరి నుంచి రెండో స్థానంలో ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 3న సౌత్ డకోటా స్టేట్ జట్టుపై అయోవా 7–3 తేడాతో గెలిచినప్పుడు ఒక్క టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) కూడా చేయలేదు. బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నిన ఒక ఫీల్డ్ గోల్‌కు 3 పాయింట్లు, ప్రత్యర్థిని వారి చివరి గీత వెనకే పడగొట్టి డిఫెన్స్ సంపాదించిన రెండు సేఫ్టీలకు 4 పాయింట్లు వచ్చాయి. ఆ సీజన్ ముగిశాక కోఆర్డినేటర్‌ను మారుస్తారని అభిమానులు ఎదురుచూస్తుంటే, 2023 ఫిబ్రవరిలో ఒప్పందాన్ని సవరించారు. 9 లక్షల డాలర్ల జీతాన్ని 8.5 లక్షలకు తగ్గించి, 7 గెలుపులు, సగటున 25 పాయింట్లు అనే షరతులు చేర్చారు. విచిత్రమేమిటంటే, డిఫెన్స్ చేసిన పాయింట్లు, పంట్‌ను తిప్పికొట్టి తెచ్చిన పాయింట్లు కూడా ఆ 25లో లెక్కే. ఒకరి పనిని కొలవడానికి పెట్టిన కొలబద్దలో పక్కవాడి కష్టం కూడా కలిసిపోతే, దానితో ఎవరిని కొలిచినట్టు?

అంతకన్నా నన్ను కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. బంధువుల నియామకాలకు సంబంధించిన నిబంధన వల్ల బ్రయన్ కాగితం మీద తన తండ్రికి కాక, క్రీడా విభాగం అధిపతికి జవాబుదారీగా ఉండేవారు. మైదానంలో మాత్రం జట్టు ఆట తీరు మొత్తం తండ్రి ఆలోచనను బట్టే సాగేది. రోజూ పని చూసేవారికి అడిగే అధికారం లేదు. అడిగే అధికారం ఉన్నవారు ఆ పనిలో లేరు. అభిమానుల విసుగు వెళ్లి తగిలింది ఈ ఖాళీనే. చివరకు 2023 అక్టోబర్ 30న, సీజన్ నడుస్తుండగానే, తాత్కాలిక క్రీడాధిపతి బెత్ గెట్స్ ఆ ఏడాదితో బ్రయన్ బాధ్యత ముగుస్తుందని ప్రకటించారు. అందుకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు మినసోటా నాలుగు ఫీల్డ్ గోల్స్‌తోనే 12–10తో అయోవాను సొంత మైదానంలో ఓడించింది. సీజన్ ముగిసేసరికి సగటు 15.4 పాయింట్లు. చివరి రెండు పెద్ద ఆటల్లో, అంటే మిషిగన్‌తో 26–0, టెనసీతో 35–0 ఓటముల్లో, ఒక్క పాయింటు కూడా రాలేదు.

ప్రశ్న: 2023లో ముఖ్యమైన ఆటగాళ్లు గాయపడ్డారు కదా. కోచ్‌ను మాత్రమే తప్పుపట్టడం సబబేనా?
– ఒక పాఠకుడు, షికాగో

జవాబు: గాయాల మాట నిజమే. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ కేడ్ మక్‌నమారా సెప్టెంబర్ చివరిలో మోకాలి గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. పాస్‌లు బాగా అందుకునే టైట్ ఎండ్‌లు ల్యూక్ లేచీ, ఎరిక్ ఆల్ కూడా అక్టోబర్ మధ్యకల్లా దూరమయ్యారు. మక్‌నమారా స్థానంలో వచ్చిన డీకన్ హిల్ విసిరిన పాస్‌లలో సగం కూడా చేరలేదు. అయితే 2022లో ఈ గాయాలు లేవు, ఫలితం మాత్రం ఇంచుమించు ఇదే. కనుక గాయాలు కొంత కారణమే తప్ప మొత్తం కారణం కావు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను: లక్షల డాలర్ల జీతం తీసుకునే కోచ్‌ను విమర్శించడం వేరు, ఇరవై ఏళ్ల విద్యార్థిని స్టేడియంలో అరిచి అవమానించడం వేరు. ఎత్తుగడ ఎంచుకున్నది ఆ కుర్రవాడు కాదు.

ప్రశ్న: అభిమానులకు ఎప్పుడూ దూరపు పాస్‌లు, మెరుపులే కావాలి. పరుగు మీద ఆధారపడే పాత పద్ధతి వారికి నచ్చకపోవడమే అసలు కారణం కాదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదని తరువాతి ఏడాదే తేలిపోయింది. 2024లో టిమ్ లెస్టర్ కొత్త కోఆర్డినేటర్‌గా వచ్చారు. ఆ ఏడాది కూడా అయోవా పాస్ ఆట బలహీనంగానే ఉంది, జట్టు పరుగునే నమ్ముకుంది. కానీ బంతి కదలకముందే ఆటగాళ్లను అటూ ఇటూ కదిలించి, పరుగు ఏ వైపు నుంచి వస్తుందో ప్రత్యర్థికి తెలియనివ్వని ఎత్తుగడలు వచ్చాయి. కేలెబ్ జాన్సన్ 1,537 గజాలు పరుగెత్తి 21 టచ్‌డౌన్‌లు చేశాడు. జట్టు సగటు 27.7 పాయింట్లకు చేరింది. గెలుపులు అంతకుముందు ఏడాది కన్నా రెండు తగ్గి 8 అయ్యాయి. అయినా ఆ శరదృతువులో అయోవా సొంత మైదానమైన కినిక్ స్టేడియంలో జాన్సన్ చేతికి బంతి అందిన ప్రతిసారీ జనం ఆశగా లేచి నిలబడ్డారు.