కొత్త రూటర్ వచ్చాక పాత ప్రింటర్ కలవడం లేదా? ముందు రూటర్‌లో ఇవి చూడండి

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇది: ఇంట్లో పదేళ్లు దాటిన నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ ఉంది, ఫైబర్ కనెక్షన్‌తో కొత్త రూటర్ వచ్చింది, ఆ రోజు నుంచి ప్రింటర్ వైఫైకి కలవడం లేదు, దుకాణంలో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు.

దయచేసి అప్పుడే కొనకండి. యూఎస్‌బీ కేబుల్ పెడితే ప్రింటు వస్తోందని మీరే రాశారు. అంటే యంత్రం బాగానే ఉంది. పర్లాకిమిడిలో మా ఇంట్లోనూ అచ్చంగా ఇదే జరిగింది, బరంపురంలో ఒక దుకాణంవారు మాకూ ఇదే సలహా ఇచ్చారు. ఆ ప్రింటర్ ఈ రోజుకీ పనిచేస్తోంది. మా వీధి పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. సాయంత్రం మా వదిన వాళ్లకు తెలుగు నేర్పుతుంది, గుణింతాల పేజీలూ చిన్న కథలూ అన్నీ దాని మీదే తీస్తుంది. ఇన్ని కాగితాలు తీసే ఇంట్లో పాత లేజర్ ప్రింటర్‌కు ఉన్న విలువ చిన్నది కాదు. టోనర్ ఒకసారి నింపితే నెలల తరబడి చూడక్కర్లేదు.

అసలు కారణం ఏమిటంటే, కొత్త రూటర్లు కొత్త ఫోన్లకు అనువైన సెట్టింగులతో వస్తాయి. మీ ప్రింటర్ తయారైన నాటికి వాటిలో కొన్ని లేనే లేవు. వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ3 భద్రతా పద్ధతినే తీసుకోండి, అది 2018లో వచ్చింది. అంతకు ముందు తయారైన ప్రింటర్‌కు అది తెలిసే అవకాశం లేదు. ప్రింటర్‌ను కొత్త పద్ధతులకు మార్చలేం, రూటర్ సెట్టింగులను మార్చగలం. కాబట్టి పనంతా రూటర్ దగ్గరే.

మొదట ప్రింటర్ నుంచే సమాచార పేజీ తీయండి. తెర లేని లేజర్ ప్రింటర్లలో సాధారణంగా ఏదో ఒక మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వస్తుంది. ఏ మీట అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. ఆ కాగితం మీద రెండు విషయాలు చూడండి. ఒకటి, అది ఏ వైఫై పేరు కోసం వెతుకుతోంది. పాత రూటర్ పేరే ఇంకా కనిపిస్తుంటే, అది ఇంకా పాతదాని కోసమే చూస్తోందన్నమాట. రెండోది, ఐపీ చిరునామా, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ను గుర్తించే అంకెలు. 0.0.0.0 అనో, 169.254తో మొదలయ్యే అంకెలు అనో ఉంటే రూటర్ దానికి చిరునామా ఇవ్వలేదని అర్థం. 192.168.1.50 లాంటిది ఉండి, మీ కొత్త రూటర్ 192.168.29 వరుసలో నడుస్తుంటే, ఎవరో ఒకప్పుడు ఆ చిరునామాను చేత్తో పెట్టి ఉంటారు. దాన్ని తీసేసి ఆటోమేటిక్‌గా, అంటే డీహెచ్‌సీపీకి మార్చాలి.

ఇక అన్నిటికంటే తేలికైన ఉపాయం. పాత రూటర్‌కు ఉన్న వైఫై పేరూ పాస్‌వర్డూ మీకు గుర్తుంటే, కొత్త రూటర్ సెట్టింగుల పేజీని బ్రౌజర్‌లో తెరిచి, 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు అవే పెట్టండి. రూటర్ వైఫైని 2.4, 5 అని రెండు తరంగాల మీద పంపుతుంది, పాత ప్రింటర్‌కు కావలసింది 2.4. ఆ పేజీ చిరునామా, మొదటి పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ఇంగ్లీషు చిన్న (a), పెద్ద (A) అక్షరాల తేడా కూడా రాకూడదు. భద్రత అనే చోట డబ్ల్యూపీఏ3 కంటే పాతదైన డబ్ల్యూపీఏ2, దానితో ఏఈఎస్ అనే ఎంపిక ఉంచండి. ప్రింటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలా సార్లు అదే వచ్చి కలుస్తుంది, ప్రింటర్‌లో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. సీడీ పోయి, కంపెనీ యాప్ ఆ మోడల్‌ను వదిలేసిన ఇళ్లలో ఇదే దారి. మాకు పని జరిగింది ఇలాగే.

అలా కుదరకపోతే అదే రూటర్ పేజీలో మిగతా సెట్టింగులు చూడండి. చిరునామా, మొదటి పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అక్కడ 2.4నూ 5నూ కలిపి ఒకే పేరుతో చూపిస్తుంటే విడదీసి రెండు పేర్లు పెట్టండి. నిజానికి పాత ప్రింటర్‌కు సాధారణంగా 5 గిగాహెర్ట్జ్ కనబడదు కాబట్టి కలిపి ఉన్నా 2.4కే రావాలి. కానీ ప్రింటర్‌ను అమర్చే ఫోను 5 మీద కూర్చుని ఉంటే కొన్ని యాప్‌లు ముందుకు కదలవు, అందుకే విడదీయమంటున్నాను. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన పద్ధతి ఉన్నా, ముందు ఒట్టి డబ్ల్యూపీఏ2 పెట్టి చూడండి. కలిపిన పద్ధతికే తడబడే పాత పరికరాలు ఉన్నాయి. ఇంటికి పొడవైన పాస్‌వర్డ్‌తో డబ్ల్యూపీఏ2 సరిపోతుంది. ఎవరైనా డబ్ల్యూఈపీ అనే మరీ పాత పద్ధతి పెట్టమంటే మాత్రం ఒప్పుకోవద్దు, అది తాళం వేయని తలుపే.

ఛానెల్, అంటే రూటర్ వాడే తరంగాల దారి, ఆటోమేటిక్‌లో వదిలేయకుండా 1, 6, 11లలో ఒకటి ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. మన దేశంలో రూటర్లు 12, 13 ఛానెళ్లకు కూడా వెళ్లగలవు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్రింటర్లు సాధారణంగా 11 దాకానే చూస్తాయి. రూటర్ రాత్రికి రాత్రి 13కు మారితే, నిన్న పనిచేసిన ప్రింటర్‌కు ఈ రోజు నెట్‌వర్క్ కనబడదు. వైఫై పేరును తెలుగులోనో ఒడియాలోనో పెట్టుకున్నవాళ్లు, ఈ ఒక్క నెట్‌వర్క్‌కు మటుకు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మాత్రమే వాడండి. ఖాళీలు, ప్రత్యేక గుర్తులు వద్దు. చిన్న తెర ఉన్న ప్రింటర్లలో బాణం మీటలతో ఒక్కో అక్షరం వెతికి పాస్‌వర్డ్ కొట్టాలి. అందులో ఒక గుర్తు దొరక్కపోతే అక్కడే ఆగిపోతారు.

పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ మీట రూటర్‌కూ ప్రింటర్‌కూ ఉంటే అదీ మంచిదే. రూటర్ మీట నొక్కిన రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీట నొక్కాలి. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే ఇది పనిచేయదు. మీట పద్ధతే వాడండి, అంకెలు కొట్టి కలిపే పిన్ పద్ధతి వద్దు. దానిలోని లోపం 2011లోనే బయటపడింది.

ఫైబర్ ఇళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇంకో చోట. కనెక్షన్‌తో వచ్చిన పెట్టెలో వైఫై ఉంటుంది, దాని వెనక మనం కొన్న రూటర్ మరొకటి ఉంటుంది. ప్రింటర్ మొదటిదానికి, లాప్‌టాప్ రెండోదానికి కలిసి ఉంటే ఇంటర్నెట్ రెండింటికీ వస్తుంది కానీ లాప్‌టాప్ వెతుకులాటలో ప్రింటర్ కనబడదు. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చండి, అప్పుడు రెండూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి, లేదా రెండు పరికరాలనూ ఒకే రూటర్‌కు కలపండి. అతిథుల కోసం విడిగా ఉంచే గెస్ట్ నెట్‌వర్క్‌కు ప్రింటర్‌ను కలిపినా ఇదే తంటా, ఎందుకంటే అక్కడ పరికరాలను ఒకదానికొకటి కనబడకుండా ఉంచుతారు.

కలిసిన తర్వాత ఒక పని తప్పకుండా చేయండి. మన వైపు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ అందరికీ చిరునామాలు మళ్లీ పంచవచ్చు. ప్రింటర్ చిరునామా మారితే కంప్యూటర్ పాత చిరునామాకే పంపుతూ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది, మీరేమో వైఫై పోయిందనుకుంటారు. రూటర్ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ప్రింటర్ మ్యాక్ చిరునామాకు, అంటే తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యకు, ఒక ఐపీ కట్టేయండి. మ్యాక్ చిరునామా ఆ సమాచార పేజీలోనే ఉంటుంది. తర్వాత విండోస్‌లో ప్రింటర్‌ను ఐపీ చిరునామాతో, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్‌గా కలపండి. విండోస్ తనంతట తాను వెతికి పెట్టే డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ మా ఇంట్లో తరచూ ఆఫ్‌లైన్ అనేది. ఇలా మార్చాక ఆ మాట వినలేదు.

ఫోను నుంచి ప్రింటు రావాలంటే పాత మోడల్‌లో ఎయిర్‌ప్రింట్ (ఐఫోన్లకు) లేదా మోప్రియా (ఆండ్రాయిడ్ ఫోన్లకు) అనే సదుపాయం ఉందో లేదో చూడండి. ఇంటర్నెట్ ద్వారా ప్రింటు పంపే గూగుల్ క్లౌడ్ ప్రింట్ సేవ మీద ఆశ పెట్టుకోవద్దు, అది 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. ఏదీ లేకపోతే ఫైలును కంప్యూటర్‌కు పంపి తీసుకోవడమే.

ప్రింటర్ వెనక నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు ఉందేమో కూడా చూడండి. ఉంటే ప్రింటర్‌ను రూటర్ పక్కకు జరిపి కేబుల్ పెట్టేస్తే వైఫై గొడవే ఉండదు, చిరునామా కట్టేసే పని ఒక్కటి చేస్తే చాలు. అదీ లేకపోతే, పైవన్నీ చేసినా కలవకపోతే, సమాచార పేజీలో వైఫై పేరు, ఐపీ దగ్గర ఏం వచ్చిందో, ప్రింటర్ మోడల్ ఏదో ఇక్కడ రాయండి. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి. చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.