మెదడు కోసం యోగా మొదలుపెడుతున్న నీకు

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

యోగా చేస్తే మెదడు పెరుగుతుందా, పెరిగితే ఎన్నాళ్లకు అని అడిగావు. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్ల ఎమ్మారైల్లో ముఖ్యంగా రెండుచోట్ల తేడా కనబడింది. ఒకటి, కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్. రెండోది ఇన్సులా, గుండె కొట్టుకోవడం, ఊపిరి, ఆకలి, నొప్పి లాంటి ఒంటి లోపలి సంగతులు చేరేది అక్కడికే. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో సాధకులు మిగతావాళ్లకన్నా నొప్పిని బాగా ఓర్చుకున్నారు. వాళ్ల ఇన్సులాలో గ్రే మేటర్, అంటే నాడీకణాలు గుమిగూడి ఉండే పదార్థం, కూడా ఎక్కువగా ఉంది. సాధన చేసిన ఏళ్లు పెరిగేకొద్దీ అదీ ఎక్కువే.

అయితే తొందరపడకు. ఇలాంటి పోలికలు చూసి అంతా యోగా వల్లేనని తేల్చలేం, వాళ్ల తిండి, నిద్ర, చదువు కూడా వేరై ఉండొచ్చు. కొంత యోగా కూడా కలిసిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణతో హిప్పోక్యాంపస్‌లో గ్రే మేటర్ పెరిగిందని 2011లో చెప్పారు. అదే శిక్షణను రెండువందల మందికి పైగా ఉన్న బృందంలో పరిశీలించి, నిర్మాణంలో మార్పేమీ దొరకలేదని 2022లో ప్రకటించారు. కాబట్టి వారాల లెక్క వదిలేసి ఏళ్లకు సిద్ధపడు.

వారానికి అయిదు రోజులు, పూటకు నలభై నిమిషాలు చాలు. భోజనం చేసి మూడు గంటలైనా గడవాలి. కీళ్లు కదిలించడానికి అయిదు నిమిషాలు, ఆసనాలకు పదిహేను. ఒక్కో ఆసనంలో అయిదు నిదానమైన శ్వాసలు నిలువు. దవడ బిగుసుకున్నా, ఊపిరి ఆగినా నీ హద్దు దాటావన్నమాట, కొంచెం వెనక్కి రా. వీడియో చూస్తూ చెయ్యకు. చూపు తెర మీద ఉంటే మనసు ఒంటి లోపలికి పోదు, ఇన్సులాకు పని చెప్పేదే ఆ గమనింపు.

తరువాత నాడీశోధన అయిదు నిమిషాలు. ఇది జాగ్రత్తగా నేర్చుకో. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మడిచి, బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమవైపు నుంచి నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చు. ఉంగరపువేలితో ఎడమది మూసి కుడివైపు నుంచి ఆరు అంకెలు వదులు. మళ్లీ కుడివైపు పీల్చి ఎడమవైపు వదిలితే ఒక చుట్టు. అంకెకు ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలు. వేలు ఎముక మీద కాదు, మెత్తటి రెక్క మీద తేలిగ్గా ఆనాలి. మొదట్లో అందరూ గుండె నిండా పీల్చేస్తారు, అందుకే మూడో చుట్టుకే రొప్పు వస్తుంది. అలా అయితే మూడు పీల్చి నాలుగు వదులు. ఊపిరి బిగబట్టడం ఇప్పుడే వద్దు.

ఆ తరువాత పదిహేను నిమిషాలు శవాసనంలోనో, కూర్చునో గమనింపు. పొట్ట లేవడం, ముక్కుకొన దగ్గర చల్లదనం, పొత్తికడుపులో నాడి చప్పుడు ఒక్కొక్కటిగా చూడు. రోజూ నిద్ర ముంచుకొస్తే రాత్రి నిద్ర చాలడం లేదు, ముందు అది సరిచేసుకో.

తలకిందులైతే మెదడుకు రక్తం పోటెత్తి అది పెరుగుతుందన్న మాట నమ్మకు. తనకు కావలసిన రక్తాన్ని మెదడే సర్దుకుంటుంది. శీర్షాసనంలో మాత్రం కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. గ్లాకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు), బీపీ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. పొట్టను లోపలికి కొడుతూ ఊపిరిని వేగంగా బయటికి నెట్టే కపాలభాతి అతిగా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది శక్తి లేవడం కాదు, ఆపెయ్యమన్న హెచ్చరిక.

నడక మానకు. వారానికి మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున ఏడాది నడిచిన పెద్దవాళ్లలో హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగిందని 2011లో తేలింది.

స్కాన్‌కు మాత్రం పరుగెత్తకు, ఒక్క మనిషిలో అంత చిన్న మార్పు కొలతలోని తేడాలో కలిసిపోతుంది. దాని బదులు పదిహేను రోజులకోసారి ఉదయం లేవగానే నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టి, ఆ వారం చేసిన నిమిషాల పక్కన రాసుకో. మూడు నెలలయ్యాక ఆ కాగితం నాకు పంపు, నాడీశోధనలో అంకెలు మార్చాలో లేదో చూసి చెబుతాను.