ఎదుటివాడికీ కళ్లుంటాయి

హైదరాబాద్

తమ్ముడూ,

నీ కథలో ఆరో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. చల్లారకముందే రాస్తున్నాను. నీ కమాండర్ ఊరి చుట్టూ ఉత్తుత్తి మందుపాతరలు పెట్టిస్తాడు, తెల్లారేసరికి శత్రువు జడిసి వెనక్కి పోతాడు. ఏం చూసి జడిశాడు? ఎక్కణ్నించి చూశాడు? ఒక్క ముక్క లేదు. నీ శత్రువుకి కళ్లే పెట్టలేదు నువ్వు.

ఇది మాఫెకింగ్ నుంచి తెచ్చుకున్నావని తెలుస్తూనే ఉంది. దక్షిణాఫ్రికాలో 1899 అక్టోబరు నుంచి 217 రోజులు బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్లు, ముట్టడించిన ఊరు. ఊరిని కాపాడుతున్న బ్రిటిష్ సేనాని బేడెన్ పావెల్ ఇసుక పెట్టెల్ని మందుపాతరలని చాటి పాతించాడు. ఊళ్లోవాళ్లకీ అలాగే చెప్పాడు, ఎందుకంటే వేగులు ఉండేది ఊళ్లోనే. నీ కథలో గుట్టు చాయ్ కొట్టువాడికి కూడా తెలుసు! గోల్కొండ గోడల పక్కన పెరిగినవాడివి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు కొట్టినా లొంగని కోట, లోపలివాడు తలుపు తీస్తే పడిపోయింది. అది నీకు నేను చెప్పాలా?

మాఫెకింగ్‌లో అసలు పనితనం ముళ్లకంచెది. దూరం నుంచి చూస్తే గుంజలు కనిపిస్తాయి, తీగ కనిపించదు. అందుకని ఉత్త గుంజలు పాతించి, వాటి మధ్య నడిచేటప్పుడు తీగ ఉన్నట్టే కాళ్లెత్తి దాటమన్నాడు సైనికుల్ని. బోయర్ కావలివాడు నిలబడ్డ చోట తను నిలబడి చూసుకుంటే తప్ప ఈ ఎత్తు తట్టదు. 1941లో లిబియాలో బ్రిటిష్ సేనల చేతిలో ఉన్న రేవు తోబ్రూక్‌లోనూ అంతే. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటుకి బాంబు దెబ్బ తగిలినట్టు రంగులు పూసి, చుట్టూ శిథిలాలు పోశారు. జర్మన్ పైలట్‌కి కావలసింది అదే, అదే చూపించారు.

నేను ప్రూఫులు దిద్దే రోజుల్లో, డ్యూటీ దిగి చిక్కడపల్లి లైబ్రరీలో మూసేదాకా కూర్చుని ఇవన్నీ చదివేవాణ్ని. ముట్టడి మీద ఒక కథ రాశాను, సగం కథ ముట్టడించినవాడి గుడారంలోనే. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ సగాన్నీ కోసేసి అచ్చేశాడు. ‘శత్రువు గోల పాఠకుడికెందుకండీ’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడేమో డ్రోన్ల ఫ్యాషన్: స్క్రీన్ మీద చుక్క, బటన్ నొక్కుడు, కథ అయిపోయింది. ఆ స్క్రీన్ చూసేవాడికి నిద్ర లేదని, వాడి మీద పైవాడి ఒత్తిడి ఉందని ఒక్కరూ రాయరు. మోసపోయేది యంత్రం కాదు, ఆ మనిషి.

నీ కథలో గుడారపు గుడ్డ కుట్టే ముసలామె బాగుంది. ఆమెని వదలకు. 1941లో జర్మన్లు ముట్టడించిన రష్యా నగరం లెనిన్‌గ్రాడ్‌లో బంగారు శిఖరాలు జర్మన్ ఫిరంగులకు గురి కాకుండా కప్పేశారు. అడ్మిరల్టీ అనే నౌకాదళ భవనం శిఖరానికి రంగు పూస్తే బంగారు రేకు పాడవుతుందని గుడ్డతో తొడుగు కుట్టి తొడిగారు. ఎక్కింది పర్వతారోహకులు. వాళ్లలో ఓల్గా ఫిర్సోవా సంగీత బృందం నడిపే మనిషి. ఆ చలికాలంలో చాలామందికి రోజుకి దక్కింది 125 గ్రాముల రొట్టె. అంత ఆకలితో, మంచుగాలిలో, తాడుకి వేలాడుతూ సూది గుచ్చిన చేతులవి. ఎత్తు వేసింది కమాండరే కావచ్చు, మోసింది వీళ్లు. నీ కమాండర్ ఉపన్యాసం రెండు పేజీలూ తీసేసి ఆ చోటు ముసలామెకివ్వు.

ముందు శత్రువు కావలివాడి వైపు నుంచి నాలుగు పేజీలు రాసి పంపు. వాడు తెలివైనవాడై ఉండాలి, వాడికి బైనాక్యులర్స్ ఉండాలి, అనుమానం కూడా ఉండాలి. అవి చూశాకే మిగతా కథ ముడతాను.

మీ అన్న