చేపల వంశావళి రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

చేపల జన్యుశాస్త్రంలో పరిశోధనకు నీకు సీటు వచ్చిందని మీ నాన్న ఫోను చేసి చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఈ పనిలోనే గడిపినవాణ్ణి. ప్రయోగశాల సంగతులు మీ గురువులు నేర్పుతారు. నేను చెరువుగట్టు సంగతులు రాస్తాను.

శీలావతి, అంటే రోహు చేప, ఈడుకు రావడానికి రెండేళ్లు పడుతుంది. గుడ్లు పెట్టేది వానాకాలంలో. అంటే నీ పీహెచ్‌డీ మొత్తంలో నువ్వు చూడగలిగేది ఒక తరం, మహా అయితే రెండు. అందుకే సొంతంగా కొత్త సంతతి మొదలుపెట్టాలని ఆరాటపడకు, ఇప్పటికే నడుస్తున్న పనిలో చేయి కలుపు. త్వరగా ఎదిగే జయంతి రోహు రకం అలాగే తయారైంది. 1992లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో, కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే శాస్త్రవేత్తలతో కలిసి ఆ పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలను, స్థానిక చెరువు చేపను కలిపి ఎంపిక చేశారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడు, 1997లో, ఆ పేరుతో విడుదల చేశారు. తరానికి సగటున సుమారు 17 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. ఒకరు రాసిన రిజిస్టరు మరొకరు అందుకుంటేనే అలాంటి పని సాగుతుంది.

ఆ రిజిస్టరు గురించే నేను ఎక్కువగా చెప్పాలి. ఏ పిల్ల ఏ తల్లిదండ్రులదో తెలియకపోతే నీ లెక్కలన్నీ గాలిలో మేడలే. పిల్లలు పది పదిహేను గ్రాములకు వచ్చేదాకా ఒక్కో కుటుంబాన్ని వేరుగా పెంచి, ఆ తర్వాత పిట్ ట్యాగు అనే నంబరు చిప్పు వేస్తాం. వడ్లగింజ కంటే కాస్త పెద్దది, 12 మిల్లీమీటర్లు ఉంటుంది, సూదితో పొట్టలోకి ఎక్కించాలి. పిల్లను తడిగుడ్డతోనే పట్టుకో. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి పుండు పడుతుంది. ట్యాగు వేయగానే రీడరులో నంబరు చదువు. రాసేవాళ్లు దాన్ని బిగ్గరగా తిరిగి చెప్పి మరీ రాయాలి.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారి చూస్తే రెండు హాపాల (పిల్లలను పెంచడానికి చెరువులో కట్టే వల గదుల) మధ్య వల జానెడు చిరిగి ఉంది. రెండు కుటుంబాల పిల్లలూ కలిసిపోయాయి. అన్నీ ఒకే వెండి రంగు, అన్నీ వేలెడంతే. “చెరి సగం పంచి రాసేద్దాం, ఎవరికి తెలుస్తుంది” అన్నాడు తోటివాడు. నేను ఆ రెండు కుటుంబాలనూ రిజిస్టరులో కొట్టేశాను. చాలా బాధపడ్డాను, కానీ ఈనాటికీ ఆ పేజీ తీసి ఎవరికైనా చూపగలను. ఇప్పుడు డీఎన్‌ఏతో తల్లిదండ్రులను తేల్చవచ్చు, నిజమే. కానీ ఆ పరీక్షకు కోసిన రెక్క ముక్క వేసిన సీసా మీద నంబరు తప్పుగా రాస్తే డీఎన్‌ఏ కూడా తప్పే చెబుతుంది.

చేపపిల్లలను పుట్టించి అమ్మే హేచరీలకు వెళ్లడం మానకు. కిలో బరువున్న తల్లి చేప లక్షకు పైగా గుడ్లు ఇస్తుంది కాబట్టి, నాలుగు చేపలతోనే ఊరి చెరువులన్నీ నింపేయవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. అన్నాచెల్లెళ్లే మళ్లీ మళ్లీ జతకట్టి సంతతి కుంగిపోతుంది. కర్ణాటక హేచరీలను పరిశీలించి అంబేకర్ ఏకనాథ్, రోజర్ డోయల్ 1990లో ప్రచురించిన వ్యాసం తప్పక చదువు. అంతఃప్రజననం ఏడాదికి 2 నుంచి 17 శాతం దాకా పెరుగుతోందని వాళ్లు అంచనా వేశారు. హేచరీ యజమానిని తప్పుపట్టకు. తల్లి చేపలను ఎప్పుడు, ఎక్కడి నుంచి మార్చుకోవాలో ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పు.

కైకలూరు, ఆకివీడు వైపు కూడా తిరుగు. అక్కడ రైతులు చిల్లుల సంచుల్లో తవుడు నింపి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు ఆనిస్తాయి. గుళికల మేతతో మీ సంస్థ చెరువులో ముందు నిలిచిన కుటుంబం, ఆ తవుడు మీద కూడా ముందుంటుందా? ఈ ప్రశ్న మీద పని చేస్తే నాకు చాలా సంతోషం.

ట్యాగులు వేసే రోజుకు కబురు చెయ్యి. నంబర్లు రాయడానికి నేను వస్తాను.

నీ పెదనాన్న