రాయగడలో బంగారం కొట్టుకి డిజిటల్ సేఫ్ మంచిదా, తాళం చెవిదా?

ఒడిశా రాయగడలో చిన్న బంగారం కొట్టు తెరవబోతున్నానని, నంబర్లు నొక్కే డిజిటల్ సేఫ్ కొనాలా, పాతకాలం తాళం చెవి ఇనప్పెట్టె కొనాలా అని అడిగారు. ఆ రెండింటి మధ్య తేడా గురించి అంత బుర్ర పాడు చేసుకోకండి. షాపులో సేఫ్ వెనక్కి వెళ్లి చూడండి, తరవాత వంగి అడుగు చూడండి. బరంపురంలో మా నగల కొట్టు నాన్నగారు పెట్టింది. చిన్నప్పటి నుంచీ ఈ సామాను మధ్యే పెరిగాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

గజపతి జిల్లాలో మా బావ కొట్టులో ఏం జరిగిందో వినండి. కొత్తగా గ్రానైట్ వేయించాడు. సేఫ్ దింపడానికి వచ్చిన కుర్రాళ్లు నేలకి బోల్టులు బిగిస్తామన్నారు. దాని కోసం అడుగున కన్నాలు ముందే ఉంటాయి. గ్రానైట్ పగులుతుందని బావ వద్దన్నాడు. దానికి తోడు వాస్తు ఆయన ఒకడు, బరువు నైరుతి మూలనే ఉండాలి, తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలి, అవసరమైతే తరవాత కాస్త జరుపుదాం అన్నాడట. నైరుతిలోనే పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? ఆ నైరుతిలోనే బోల్టు కొట్టించండి.

దొంగలు తాళం జోలికే పోలేదు. షట్టర్ లేపి, సేఫ్ కింద ఇనప గొట్టాలు వేసి దొర్లించుకుంటూ వ్యాన్ ఎక్కించేశారు. కెమెరాల రికార్డర్ సేఫ్ మీదే పెట్టి ఉండేది, అదీ పోయింది. తరవాత సేఫ్ సరిహద్దు దాటి, ఆంధ్రా వైపు ఒక జీడితోటలో దొరికింది. బావతో నేనూ వెళ్లాను. ముందు వైపు చెక్కుచెదరలేదు. మార్గశిర లక్ష్మివారం పూజకి పెట్టిన పసుపు బొట్టు హ్యాండిల్ పక్కన అలాగే ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే కడుపు తరుక్కుపోయింది. రేకుని గ్రైండర్‌తో మూడు వైపులా కోసి, అట్టపెట్టె మూతలా మడిచేశారు. రెండు రేకుల మధ్య నింపిన బూడిదరంగు గడ్డలు గడ్డి మీద రాలి ఉన్నాయి. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కితే పొడి అయిపోయింది.

ఆ సేఫ్‌ని ఫైర్ ప్రూఫ్ అని గొప్పగా చెప్పి అమ్మారు. అబద్ధమని నేను అనను. నిప్పుకి తట్టుకోవడం వేరు, కోతకి తట్టుకోవడం వేరు. ఫైర్ రేటింగ్ గంట, రెండు గంటలు అని ఉంటుంది. అంటే అంతసేపు బయట మంటలున్నా లోపల కాగితాలు కాలేంత వేడి ఎక్కదని. అమెరికా పరీక్షలో ఆ హద్దు 177 డిగ్రీలు. గ్రైండర్‌కి దాంతో ఏం సంబంధం? బంగారానికి మీరు అడగాల్సింది దొంగతనం పరీక్ష, అదీ తలుపుకి ఒక్కదానికే కాదు, ఆరు వైపులా. మన దేశంలో సేఫ్‌లకి ఐఎస్ 550 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఏ క్లాసో బిల్లు మీద రాసిమ్మనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. బీరువా లోపలి లాకర్ గురించి అసలు ఆలోచించకండి, అది మిల్లీమీటరు మందం రేకు.

ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా నరకం. స్టాక్ రిజిస్టర్ కూడా ఆ సేఫ్‌లోనే పెట్టాడు బావ, చిరిగిన నాలుగు కాగితాలు మిగిలాయి. ఎఫ్ఐఆర్ ఒడియాలో, జీడితోట దగ్గర రాసిన పంచనామా తెలుగులో. సర్వే చేయడానికి వచ్చినాయన రెండూ ఇంగ్లీషులో కావాలన్నాడు. అనువాదం, నోటరీ, మళ్లీ ఒక సంతకం తక్కువని తిప్పడం. సరిహద్దు జిల్లాల్లో బతికేవాళ్లకి రెండు భాషలు రావడం శిక్షా? మీరు మాత్రం స్టాక్ జాబితా, నగల మీది హాల్‌మార్క్ నంబర్లు ఇంట్లో ఒక కాపీ, ఫోన్లో ఒక కాపీ ఉంచుకోండి.

పాలసీలో తాళం చెవి గురించి ఒక షరతు ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకండి. అసలుదో నకలుదో చెవితో సేఫ్ తెరిచి దోచుకుంటే మామూలుగా డబ్బు రాదు, ఆ చెవిని బెదిరించో కొట్టో లాక్కుంటే తప్ప. మన కొట్లలో చెవి ఎక్కడుంటుంది? లక్ష్మీదేవి పటం వెనక. అది పనికుర్రాడికీ తెలుసు, వాడి స్నేహితుడికీ తెలుసు. మా కొట్టులో రెండు చెవులు కలిస్తేనే తెరుచుకునే సేఫ్ వాడతాం, ఒకటి నా దగ్గర, రెండోది తమ్ముడి దగ్గర. రాత్రి రెండూ ఇళ్లకే. డిజిటల్ కొంటే కంపెనీ పెట్టి పంపిన కోడ్ మొదటిరోజే మార్చండి, దాంతో ఇచ్చే అత్యవసర చెవి కొట్టులో ఉంచకండి.

అంతా బ్యాంకు లాకర్లో పెట్టుకోవచ్చు కదా అని కొందరు తేలిగ్గా అనేస్తారు. రోజూ పొద్దున్న సరుకు తీసి అద్దాల్లో సర్దాల్సినవాడికి అది ఎలా కుదురుతుంది? పైగా 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. మూడు వేల అద్దెకి మూడు లక్షలు. ఈ రోజు బంగారం ధరకి అది ఏ మూలకి? ఇక మా ఇళ్లలో మార్గశిర లక్ష్మివారం డబ్బు గడప దాటదు, ఆ రోజు అమ్మకం నగదు కూడా సేఫ్‌లోనే పడుకుంటుంది. అందుకే ఇప్పటి అవసరానికి సరిపోయేది కాకుండా ఒక సైజు పెద్దదే తీసుకోండి.

కెమెరాలు, అలారం ఉన్నాయి కదా అంటారేమో. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. కెమెరా లేదు, ఫోన్ సరిగా లేదు. ఆ చీకట్లో మాకు కాస్త నిద్ర పట్టిందంటే కాంక్రీటులో దిగిన మా సేఫ్ బోల్టుల వల్లే.

మీ కొట్టు కింది అంతస్తులోనా, మేడ మీదా? నేల కాంక్రీటా, ఊరికే మట్టి మీద పలకలా? మేడ మీదైతే సేఫ్ కొనే ముందు స్లాబ్ ఎంత బరువు మోస్తుందో ఇంజనీర్‌కి చూపించండి. వివరాలు రాస్తే మీకు ఎంత బరువుది సరిపోతుందో చెబుతాను.